రాత్రి వానను రంగు దీపాల్లో ఫొటో తీయడం ఎలా?

వానాకాలం మొదలైతే చాలు, అందరూ అడిగేది ఇదే: "బయట దంచి కొడుతోంది, ఫొటోలో మాత్రం ఒక్క చుక్క కనబడట్లేదు. ఫోన్ మార్చాలా?" అక్కర్లేదు. వాన చుక్క మీద దీపం వెనక నుంచి పడితేనే అది మెరుస్తుంది. ఆ మెరుపు కంటికి ఆనాలంటే దాని వెనక చీకటి ఉండాలి. ఈ రెండూ కుదిరే చోట నిలబడితే మామూలు ఫోనుతోనూ పని జరుగుతుంది. కుదరకపోతే ఎంత ఖరీదైన కెమెరా అయినా తడిసిన రోడ్డును మాత్రమే చూపిస్తుంది. కాబట్టి ముందు దీపం వెతకాలి, వాన సంగతి తర్వాత.

ఇందులో చెప్పినవి నల్లగొండ, పాలమూరు, సూర్యాపేట లాంటి ఊళ్ల చౌరస్తాలు, బస్టాండ్లు, హైవే దాబాలకు సరిపోయేలా రాసినవి. పెద్ద సిటీ నియాన్ బోర్డులు మన దగ్గర లేవని దిగులు పడనవసరం లేదు. మెడికల్ షాపు ఆకుపచ్చ ప్లస్సు, వైన్స్ ముందు ఎర్ర బోర్డు, మొబైల్ షాపు నీలం స్ట్రిప్పు, వినాయక మండపం సీరియల్ లైట్లు ఉంటే రంగులకు కొదవ లేదు.

ముందు కరెంటు సంగతి

ఇది చివర్లో రాస్తే ఎవరూ చదవరు, అందుకే ముందే. వాన పడేటప్పుడు కరెంటు స్తంభానికి, దాని స్టే వైరుకు, ట్రాన్స్‌ఫార్మర్ కంచెకు ఆనుకోకండి, ట్రైపాడ్ ఆనించకండి. మండపాల దగ్గర టేపు చుట్టిన వైరు జాయింట్లు నీళ్లలో పడి ఉంటాయి. అక్కడ నిలిచిన నీళ్లలో కాలు పెట్టొద్దు. తెగిపడిన తీగ కనబడితే దూరంగా ఉండి 1912కు ఫోన్ చేయండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ తేడా ఉంటే గొడుగు, ట్రైపాడ్ సర్దేసి పక్కా భవనంలోకో కారులోకో వెళ్లండి, చివరి ఉరుము వినబడ్డాక అరగంట ఆగండి. నీళ్ల కింద మూత లేని మోరీ ఉండొచ్చు కాబట్టి కాలు పెట్టేముందు గొడుగు కర్రతో పొడిచి చూడండి. హైవే మీదైతే తెల్ల గీత లోపలికి అస్సలు వెళ్లొద్దు. తడి రోడ్డు మీద లారీకి బ్రేకు పట్టదు, పైగా వైపర్ వెనక నుంచి చూసే డ్రైవరుకు మీరు కనబడరు.

కావాల్సినవి

- ప్రో మోడ్ ఉన్న ఫోన్. ఆండ్రాయిడ్‌లో ఆ మోడ్ లేకపోతే "ఓపెన్ కెమెరా" లాంటి ఉచిత యాప్‌తో చాలా ఫోన్లలో షట్టర్ (వెలుతురు లోపలికి పడే సమయం), ఐఎస్ఓ (ఆ వెలుతురును ఎంత పెంచాలనే అంకె) చేత్తో పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో సొంత కెమెరా యాప్ షట్టర్ మార్చనివ్వదు, దానికి వేరే యాప్ కావాలి.
- కెమెరా ఉంటే 35 లేదా 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే వెలుతురు అంత ఎక్కువ వస్తుంది). కిట్ లెన్సు (కెమెరాతో పాటే వచ్చేది) కూడా పనికొస్తుంది, కాకపోతే ఐఎస్ఓ నాలుగింతలో అంతకంటే ఎక్కువో అవుతుంది.
- చిన్న ట్రైపాడ్. లేకపోతే కిలో పెసలు పోసి కుట్టిన గుడ్డసంచిని పాలిథిన్ కవర్లో చుట్టి తీసుకెళ్లండి. అరుగు మీద, బైకు సీటు మీద, నేల మీద ఎక్కడైనా ఫోన్ దాని మీద కదలకుండా కూర్చుంటుంది. వానలో ట్రైపాడ్ కంటే ఇదే నయం.
- మందపాటి పాలిథిన్ కవర్లు రెండు, రబ్బరు బ్యాండ్లు నాలుగు.
- తుడిచే గుడ్డలు నాలుగు, వేర్వేరు జిప్ కవర్లలో. ఒక్కటే తెచ్చుకుంటే పది నిమిషాల్లో అది తడిసి ముద్దవుతుంది, ఆ తర్వాత తుడిచిన ప్రతిసారీ లెన్సు ఇంకా పాడవుతుంది.
- మీకో పెద్ద నల్ల గొడుగు. ఫ్రేములో నిలబడే మనిషికి ఎరుపో పసుపో ఉన్నది, లేదా పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గొడుగు.
- ఒక ఎల్‌ఈడీ టార్చి, బుక్ స్టాల్లో దొరికే రంగు జెలటిన్ కాగితాలు. నీలం, ఎరుపు, గులాబీ చాలు.
- బ్యాగులో వేయడానికి సిలికా జెల్ పొట్లాలు.

ఎలా తీయాలి

1. చోటును పొడిగా ఉన్నప్పుడే చూసి పెట్టుకోండి.
వాన మొదలయ్యాక చోటు వెతికితే వాన అయిపోతుంది. మన వైపు గంటల తరబడి ముసురు పట్టే రోజులు తక్కువ, ఉరుములతో వచ్చి అరగంటలో వెళ్లిపోయే వానలే ఎక్కువ. అందుకే ముందు రోజు రాత్రి 7 నుంచి 8 మధ్య ఒక చుట్టు తిరిగి మూడు విషయాలు చూడండి. ఏ దీపం ఏ ఎత్తులో ఉంది? దాని పక్కనే చీకటిగా ఏముంది, అంటే మూసిన షట్టరా, చెట్టా, సందా? నీళ్లు నిలిచేది ఎక్కడ? నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్, మహబూబ్‌నగర్ తెలంగాణ చౌరస్తా లాంటి చోట్ల నాలుగు దిక్కులా బోర్డులుంటాయి కాబట్టి ఒక మూల నచ్చకపోతే ఇంకో మూలకు జరగొచ్చు. కానీ మొదటిసారి తీసేవాళ్లకు మేం చౌరస్తా చెప్పం. దీపాలు ఎక్కువైతే ఏది దేని మీద పడుతోందో అర్థం కాదు. ఒక చాయ్ డబ్బా, దాని ముందు ఒక్క బల్బు, వెనక చీకటి ఉన్న సందుతో మొదలుపెట్టండి.

వీధి దీపాలు కూడా గమనించండి. చాలా చోట్ల తెల్ల ఎల్‌ఈడీలు వచ్చేశాయి. అక్కడక్కడా పాత నారింజ రంగు సోడియం దీపాలు మిగిలి ఉన్నాయి. సోడియం కింద ఎర్ర చొక్కా, పచ్చని ఆకు అన్నీ ఒకే మట్టి రంగులో కనబడతాయి. ఆ దీపం ఇచ్చేది దాదాపు ఒకే రంగు వెలుతురు, అందుకని తర్వాత ఎంత ఎడిట్ చేసినా అసలు రంగులు తిరిగి రావు. దాన్ని మనిషి మీద పడనివ్వకుండా దూరంగా వెనక రంగుకు వాడుకుంటే మాత్రం ఎంతో బాగుంటుంది.

2. టైం కుదుర్చుకోండి.
పూర్తి చీకటి కంటే పొద్దు గూకాక 20 నుంచి 40 నిమిషాల మధ్య సమయం మంచిది. ఆకాశం ముదురు నీలంలో ఉంటుంది, దుకాణాల దీపాలు వెలిగి ఉంటాయి, కట్టడాల అంచులు నల్లగా కలిసిపోవు. మన దగ్గర జూలైలో సూర్యాస్తమయం 6:50 ప్రాంతంలో, సెప్టెంబరు మధ్యలో 6:15 ప్రాంతంలో అవుతుంది. మబ్బు దట్టంగా ఉంటే ఆ నీలం ఇంకా ముందే వచ్చి ముందే పోతుంది.

వాన పడుతున్నప్పుడు చుక్కల ఫొటో, వాన గెరువిచ్చాక పది ఇరవై నిమిషాల్లో నీళ్లలో నీడల (ప్రతిబింబాల) ఫొటో అనుకోండి. రెండూ ఒకే ఫ్రేములో కావాలని పట్టుబట్టకండి. జోరు వానలో మడుగు మీద చుక్కలు పడి అద్దంలా ఉండదు.

3. కెమెరాకు తొడుగు వేయండి.
పాలిథిన్ కవర్ అడుగున లెన్సు కంటే కాస్త చిన్న రంధ్రం కత్తిరించి, లెన్సు హుడ్ (లెన్సు ముందు బిగించే గొట్టం లాంటి తొడుగు) మీదుగా లాగి రబ్బరు బ్యాండ్ బిగించండి. వెనక వైపు తెరిచే ఉంచండి, చేతులు అటు నుంచి పెట్టుకోవచ్చు. హుడ్ తప్పనిసరి. హుడ్ లేని లెన్సు మీద గాలివాటంగా వచ్చిన ఒక్క చుక్క చాలు, దీపం చుట్టూ తెల్లటి మచ్చ వచ్చేస్తుంది. ఫోన్‌కు కవర్ వేసి లెన్సు మీద కూడా ప్లాస్టిక్ ఉంచేస్తే ఫొటో మసకబారుతుంది, కాబట్టి లెన్సు చోటు కత్తిరించండి. తడి తెర వేలి స్పర్శను సరిగా పట్టదు. అందుకని వాల్యూమ్ బటన్‌తో గానీ 2 సెకన్ల టైమర్‌తో గానీ క్లిక్ చేయండి.

ఏసీ కారులోంచి, ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తీస్తే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది. బ్యాగు జిప్ మూసి ఉంచే 20 నుంచి 30 నిమిషాలు బయటి వేడికి అలవాటు కానివ్వండి. తుడిచితే పోతుందనుకుంటారు, మళ్లీ కమ్ముతుంది. వానలో లెన్సు మార్చే పని మాత్రం పెట్టుకోవద్దు.

4. నైట్ మోడ్ ఆపేయండి.
ఎక్కువ మంది ఫొటోలు పోయేది ఇక్కడే. నైట్ మోడ్ ఒకటి రెండు సెకన్లలో చాలా ఫొటోలు తీసి వాటిని కలుపుతుంది. ఒక ఫొటోలో ఉండి ఇంకోదాంట్లో లేనిదాన్ని అది నాయిస్ (చీకటి ఫొటోల్లో వచ్చే గరుకు) అనుకుని తుడిచేస్తుంది. వాన చుక్క సరిగ్గా అలాంటిదే. ప్రో మోడ్‌లోకి వెళ్లి ఇలా మొదలుపెట్టండి:

ఫోన్‌లో షట్టర్ 1/60, ఐఎస్ఓ 800, వైట్ బ్యాలెన్స్ (ఫొటో పసుపుకో నీలానికో తిరిగే సెట్టింగు) 3800 కెల్విన్, రా ఫైలు (ఎడిటింగుకు వీలుగా ఉండే ముడి ఫొటో) ఆన్.
కెమెరాలో ఎఫ్/2, షట్టర్ 1/100, ఐఎస్ఓ 1600, వైట్ బ్యాలెన్స్ అదే.

ఒక ఫొటో తీసి చూడండి. దీపం బోర్డు మీద అక్షరాలు చదవగలిగేలా ఉండి, రోడ్డు కాస్త చీకటిగా ఉంటే సరిపోయినట్టే. అక్షరాలు తెల్లగా కరిగిపోతే ఐఎస్ఓ సగం చేయండి. షట్టర్‌ను ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు) కోసం మార్చకండి, దానికి వేరే పని ఉంది.

5. చుక్క ఎంత పొడవు గీత కావాలో షట్టర్‌తో తేల్చండి.
పెద్ద చుక్క సెకనుకు సుమారు 8 మీటర్ల వేగంతో పడుతుంది. దాన్ని బట్టి లెక్క:

1/30 దగ్గర గీత 27 సెంటీమీటర్లు
1/60 దగ్గర 13 సెంటీమీటర్లు
1/125 దగ్గర 6 సెంటీమీటర్లు
1/250 దగ్గర 3 సెంటీమీటర్లు
1/1000 దగ్గర ఒక సెంటీమీటరు కూడా ఉండదు, చుక్కగానే ఆగిపోతుంది

తుంపర చినుకులు చిన్నవి, నెమ్మదిగా పడతాయి, వాటి గీతలు ఇందులో సగమో అంతకంటే తక్కువో. చూసేవాళ్లకు "వాన" అని తోచేది 1/60 నుంచి 1/125 మధ్య. 1/15 కంటే తగ్గితే గీతలు పొడవై, పలచనై పొగమంచులా కలిసిపోతాయి. అదీ ఒక అందమే, కానీ అప్పుడు చేత్తో పట్టుకుంటే కుదరదు.

ఎల్‌ఈడీ దీపాలతో ఇంకో చిక్కుంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్. చవక ఎల్‌ఈడీలు, ట్యూబులు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. 1/250, 1/500 పెడితే ఫొటోలో అడ్డంగా చీకటి పట్టీలు వస్తాయి, లేదా ఒక ఫొటో వెలుగ్గా, తర్వాతది మసకగా వస్తుంది. 1/50, 1/100 పెడితే ఈ బాధ దాదాపు ఉండదు. ఆర్టీసీ బస్సు ముందు ఊరిపేరు చూపించే ఎల్‌ఈడీ బోర్డు అయితే షట్టర్ వేగం పెరిగేకొద్దీ సగం అక్షరాలు మాయమవుతాయి, దానికి 1/30, 1/50 వాడండి. మండపం సీరియల్ లైట్లు వంతులవారీగా వెలిగి ఆరుతుంటాయి కదా, వాటిని 1/60లో తీస్తే ఒక రంగే పడుతుంది. అన్ని రంగులూ ఒకేసారి కావాలంటే ట్రైపాడ్ మీద అర సెకను నుంచి 1 సెకను ఇవ్వండి, చుక్కల ఆశ వదులుకోండి.

6. దీపాన్ని చుక్కల వెనక్కి తెచ్చుకోండి.
అసలు పని ఇది. మీ వెనక నుంచి గానీ, పక్క నుంచి గానీ పడే వెలుతురులో వాన కనబడదు. మీరు దీపానికి ఎదురుగా నిలబడాలి, మధ్యలో వాన పడాలి. అయితే దీపం నేరుగా ఫ్రేము నడిమధ్యలో ఉంటే దాని వెలుగే అన్నిటినీ మింగేస్తుంది. దాన్ని ఫ్రేము అంచుకు కాస్త బయటికి నెట్టండి, లేదా స్తంభం, గొడుగు, మనిషి తల, డబ్బా రేకు వెనక దాచండి. అప్పుడు దాని పక్కనున్న చీకట్లో చుక్కలు మెరుస్తాయి.

చాయ్ డబ్బా దగ్గర ఇలా చేయండి. రేకుల సూరు కింద వేలాడే బల్బుకు మూడు మీటర్ల దూరంలో, నడుము ఎత్తులో కెమెరా పెట్టి, సూరు అంచు బల్బును కప్పేదాకా మెల్లగా పైకి లేపండి. బల్బు కనబడడం ఆగిన మరుక్షణం సూరు నుంచి కారే ధారలు, బయట పడే చినుకులు పసుపు గీతల్లా బయటపడతాయి. పై నుంచి చుక్క దిగుతూ వెలుతురు గీతను దాటే చోటే మెరుస్తుంది, దానికి పైనా కిందా ఉండదు. అది తప్పు కాదు. ఆ వెలుగు ముక్క ఫ్రేములో ఎక్కడ పడుతుందో చూసుకుని మనిషిని అక్కడ నిలబెట్టండి.

బస్టాండ్ గేటు దగ్గర బస్సు మలుపు తిరిగే రెండు మూడు సెకన్లు హెడ్‌లైట్లు మీ వైపు అడ్డంగా వస్తాయి. ఆ వెలుగులో వాన తెరలా కనబడుతుంది. ఒక ఫొటో కోసం ఎదురు చూడకుండా బర్స్ట్‌లో (వరసగా ఫొటోలు తీసే మోడ్‌లో) పెట్టి బస్సు తిరుగుతున్నంతసేపు నొక్కి పట్టండి. హెడ్‌లైట్లు నేరుగా మీ మీద పడ్డ ఫ్రేములు పనికిరావు, దానికి ముందువో తర్వాతవో పనికొస్తాయి.

అలాంటి దీపం దొరకకపోతే టార్చి మీద జెలటిన్ కాగితం రబ్బరు బ్యాండుతో కట్టి, మనిషి వెనక రెండు మూడు మీటర్ల దూరంలో, వీపు ఎత్తులో, మీ వైపు తిప్పి పెట్టండి. మనిషి ఒళ్లే టార్చిని దాచేస్తుంది. ముదురు నీలం కాగితం చాలా వెలుతురు తినేస్తుంది, ఒకే పొర వేయండి. ఎరుపు, గులాబీ కొంత నయం. వేడెక్కే హాలోజన్ బల్బు మీద జెలటిన్ కట్టొద్దు, కరిగి అంటుకుంటుంది. రేడియో ట్రిగ్గర్‌తో పనిచేసే (కెమెరాకు దూరంగా పెట్టి వెలిగించే) ఫ్లాష్ ఉంటే దాన్ని జిప్ కవర్లో పెట్టి 1/16, 1/32 పవర్‌లో వాడండి. తక్కువ పవర్‌లో ఫ్లాష్ సెకనులో పదివేలో వంతుకు అటూఇటుగా మాత్రమే వెలుగుతుంది కాబట్టి చుక్కలు గీతలు కాకుండా ముత్యాల్లా ఆగిపోతాయి. కెమెరా మీద ఉన్న ఫ్లాష్ మాత్రం వేయొద్దు. లెన్సుకు దగ్గరగా పడే చుక్కలు తెల్లటి గుండ్రాలై ఫొటో అంతా నిండుతాయి.

7. ఫోకస్ చేత్తో లాక్ చేయండి.
ఆటో ఫోకస్ చీకట్లో చుక్కల వెంట పరుగెడుతుంది. మనిషి మీదనో, వాన పడే చోట ఉన్న స్తంభం మీదనో టార్చి వేసి ఫోకస్ పట్టించి, లాక్ చేసి, టార్చి ఆపేయండి. ఆ ఫోకస్ దూరానికి దగ్గర్లో పడే చుక్కలే ఫొటోలో పదునుగా కనబడతాయి.

8. రంగులను తగ్గించుకోండి.
ఉన్న రంగులన్నీ ఫ్రేములోకి లాగితే బట్టల షాపు అద్దంలా తయారవుతుంది. ఒక వేడి రంగు, ఒక చల్ల రంగు చాలు: ఎర్ర బోర్డుతో నీలం ఆకాశం, లేదా పసుపు బల్బుతో మెడికల్ షాపు ఆకుపచ్చ. రెండూ సమానంగా కాకుండా ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ఉండేలా జరగండి.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెడితే ఒక ఫొటో పసుపు, ఇంకోటి నీలం వస్తుంది, ఎర్ర బోర్డు వెలుగు మొత్తాన్ని "సరిచేసి" చప్పగా చేస్తుంది. 3200 పెడితే ఆకాశం, రోడ్డు నీలానికి తిరుగుతాయి. 5000 పెడితే బల్బుల వెచ్చదనం పెరుగుతుంది. 3800 మధ్యస్థం.

9. నీళ్లలో నీడలు.
మడుగు అడుగు వెడల్పున్నా చాలు. కెమెరాను నీటికి రెండు మూడు అంగుళాల ఎత్తుకు దించండి. ఫోన్‌ను తలకిందులు చేస్తే లెన్సు నీటికి ఇంకా దగ్గరవుతుంది, మడుగు చెరువంత కనబడుతుంది. నిలబడి తీస్తే అదే మడుగులో చీకటి ఆకాశం తప్ప ఏమీ పడదు. ఫోకస్ నీటి మీద పెట్టకుండా, నీటిలో కనబడుతున్న బోర్డు మీద పెట్టండి. నీటి ఉపరితలం దగ్గరుంటుంది, అందులోని బోర్డు అసలు బోర్డు ఉన్నంత దూరంలో ఉన్నట్టే లెక్క. పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తీసేయండి, అది నీడలనే చంపేస్తుంది, పైగా వెలుతురు సగం పైగా తింటుంది. సిమెంటు రోడ్డు కంటే తారు రోడ్డు మేలు, నలుపు మీద రంగు బాగా ఆనుతుంది.

10. మనిషిని పెట్టండి, కానీ అడిగి పెట్టండి.
ఖాళీ రోడ్డు కంటే గొడుగుతో ఒక మనిషి ఉంటే కన్ను అక్కడ ఆగుతుంది. పారదర్శక గొడుగైతే బోర్డు రంగు దాంట్లోంచి దిగి ముఖం మీద పడుతుంది. నల్ల గొడుగైతే ముఖం చీకటే, ఆకారం మాత్రమే మిగులుతుంది. దుకాణం ముందు ట్రైపాడ్ పెట్టేముందు "అన్నా, రెండు ఫొటోలు తీసుకుంటా" అని ఒక మాట అడగండి. ఆడవాళ్లను, పిల్లలను తెలియకుండా తీయొద్దు. రైల్వే స్టేషన్లలో, ప్రాజెక్టుల మీద అనుమతి లేకుండా కెమెరా బయటికి తీయకండి. నల్లమలలో తీద్దామనుకునేవాళ్లు గుర్తుంచుకోండి: మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లు వదలరు.

11. వాన రాకపోతే.
కారు అద్దం మీద స్ప్రే సీసాతో నీళ్లు చల్లి, లోపలి నుంచి బయటి దీపాలను తీయండి. కారు ఆగి ఉండాలి, రోడ్డు దిగి ఉండాలి. ఫోకస్ అద్దం మీది చుక్కల మీద పెడితే వెనక దీపాలు రంగు గుండ్రాలవుతాయి. కారు లోపలి లైటు, స్టీరియో తెర ఆపేయండి, లేకపోతే అవి అద్దంలో కనబడతాయి. ఏసీ మరీ చల్లగా పెడితే అద్దం బయటి వైపు ఆవిరి పడుతుంది. చల్లిన నీళ్లు వెంటనే జారిపోతుంటే నీళ్లలో మూడో వంతు గ్లిజరిన్ కలపండి, చుక్కలు కాసేపు నిలబడతాయి. ఇంటి ముందు గార్డెన్ పైపుతో వాన చేయాలంటే నీటిని పైకి చిమ్మి, తిరిగి కింద పడే చుక్కలను తీయండి. నేరుగా చిమ్మే ధార వానలా ఉండదు.

12. ఎడిటింగ్.
స్నాప్‌సీడ్, లైట్‌రూమ్ ఏదైనా సరే. ముందు హైలైట్స్ (బాగా వెలుగున్న చోట్లు) తగ్గించండి, తర్వాత బ్లాక్స్ (పూర్తి నలుపు) కాస్త దించండి. షాడోస్ (మసక చోట్లు) పైకి లేపితే చీకటి బూడిద రంగవుతుంది, వాన గీతలు అందులో కలిసిపోతాయి. రంగు పెంచాలనుకుంటే మొత్తం శాచురేషన్ ముట్టుకోకుండా ఒక్క రంగునే పెంచండి. నాయిస్ తగ్గించే గీటు సగం దాటిస్తే సన్న గీతలన్నీ నాయిస్‌తో పాటే పోతాయి. కాస్త గరుకు ఉన్నా ఫర్వాలేదు.

ఎక్కువగా జరిగే తప్పులు

వాన కనబడట్లేదు: దీపం మీ వెనక ఉంది, లేదా చుక్కల వెనక తెల్ల గోడ ఉంది. పక్కకు పది అడుగులు నడిచి చూడండి, సెట్టింగులు మార్చడం ఆ తర్వాత.

దీపం చుట్టూ పాల లాంటి మసక: లెన్సు మీద నీళ్లో, వేలి జిడ్డో. పొడి గుడ్డతో తుడవండి. తుడిచినా ఉంటే లోపలి నుంచి ఆవిరి పట్టింది, ఇరవై నిమిషాలు ఆగాల్సిందే.

దీపం వెలుగు ఒకవైపు గీతలా సాగింది: లెన్సును ఒకే దిక్కుకు తుడిచినప్పుడు జిడ్డు చారలు పడతాయి. శుభ్రమైన గుడ్డతో గుండ్రంగా తుడవండి.

ఎర్ర బోర్డు మీద అక్షరాలు లేవు, ఎర్ర ముద్ద మాత్రమే ఉంది: ఫొటో మొత్తం చీకటిగా కనిపిస్తున్నా ఎరుపు ఒక్కటే నిండిపోయింది. హిస్టోగ్రాంలో (వెలుతురు లెక్క చూపే గ్రాఫులో) ఎరుపు గీత కుడి గోడకు గుద్దుకుని ఉంటుంది. ఐఎస్ఓ మరో సగం తగ్గించండి. నీలం ఎల్‌ఈడీలతోనూ ఇదే తంతు.

మనిషి ఊగినట్టు వచ్చాడు: 1/60లో నిలబడ్డ మనిషి సరిగానే వస్తాడు, నడిచే మనిషికి 1/200 కావాలి. "ఒక్క క్షణం ఆగు" అనడం ఐఎస్ఓ పెంచడం కంటే సులువు.

సరిగా వచ్చిందా లేదా చూడడం

అక్కడ ఉండగానే చూడండి, ఇంటికొచ్చాక చూసి లాభం లేదు. ఫోన్ వెలుతురును సగానికి తగ్గించి చూడండి. చీకట్లో నిండు వెలుతురు తెర మీద ప్రతి ఫొటో బాగున్నట్టే ఉంటుంది. తర్వాత జూమ్ చేసి రెండు చోట్ల చూడండి: మనిషి గొడుగు అంచు పదునుగా ఉందా, బోర్డు అక్షరాలు కనబడుతున్నాయా. ఆ తర్వాత ఫొటోను బొటనవేలి గోరంత చిన్నగా చేసి చూడండి. అంత చిన్నగానూ దీపం ఎక్కడుందో, మనిషి ఎక్కడున్నాడో తెలుస్తుంటే ఫ్రేము నిలబడినట్టే. అనుమానంగా ఉంటే కాసేపు బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. రంగు తీసేశాక వాన కూడా మాయమైతే అక్కడ దీపం దిక్కు తప్పింది, ఇంకా టైం ఉంది కాబట్టి చోటు మారండి.

ప్రింటు వేయించేట్లయితే తెర మీద కంటే ఒక మెట్టులో (ఒక మెట్టు అంటే వెలుతురు రెట్టింపు) మూడో వంతు వెలుతురు పెంచి ఇవ్వండి. రాత్రి ఫొటోలు కాగితం మీద ఎప్పుడూ చీకటిగానే వస్తాయి.

ఇంటికొచ్చాక

ఫోన్ ఛార్జింగ్ పోర్టు ఆరేదాకా ఛార్జరు గుచ్చకండి. పోర్టు కిందికి వచ్చేలా పట్టుకుని అరచేతిలో మెల్లగా తట్టి, ఫ్యాన్ కింద రెండు మూడు గంటలు ఉంచండి. బియ్యం డబ్బాలో పెట్టొద్దు, పిండి దుమ్ము పోర్టులో చేరుతుంది. కెమెరా అయితే బయట తుడిచి, బ్యాటరీ, కార్డు తీసి, మూతలన్నీ తెరిచి ఫ్యాన్ గాలికి పెట్టండి, ఎండలో వద్దు. తెల్లారి లెన్సు లోపలి గాజు మీద ఆవిరి కనబడితే ఆన్ చేయకుండా, సిలికా జెల్ పొట్లాలతో పాటు మూత గట్టిగా పట్టే డబ్బాలో రెండు రోజులు ఉంచండి. అప్పటికీ పోకపోతే రిపేరు షాపుకు తీసుకెళ్లండి, ఇంట్లో విప్పడానికి చూడొద్దు.